గాజువాక సంగతి తర్వాత, ముందు కొమ్మాది

ప్రశ్న: విశాఖపట్నం మధురవాడలో పదహారేళ్లుగా ప్లంబింగ్ పని చేస్తున్నాను. దుకాణం లేదు. ఇంటి నుంచే బండి మీద వెళ్తాను, నాతో ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. ఏడాది కిందట మా అమ్మాయి గూగుల్ మ్యాప్స్‌లో మా పేరు పెట్టింది. నెలకు పది ఫోన్లు కూడా రావడం లేదు. వచ్చినవాటిలో సగం ‘ముప్పావు ఇంచి పైపు ఎంత’, ‘వెయ్యి లీటర్ల ట్యాంకు రేటు ఎంత’ అని అడిగేవే. నాలుగు రివ్యూలు ఉంటే అందులో ఒకటి ఒక్క స్టారుది. ‘రాత్రి ఫోన్ చేస్తే ఎత్తలేదు’ అని రాశారు. మొన్న ఎవరో ఫోన్ చేసి, పన్నెండు వేలు కడితే విశాఖ మొత్తానికి మొదటి స్థానంలో చూపిస్తామన్నారు. కట్టమంటారా? ఎంవీపీ కాలనీ, గాజువాక నుంచి కూడా పని రావాలంటే ఏం చేయాలి? మా అమ్మాయి నా ఫోటో పెడదామంటోంది. పని బట్టల్లో ఉన్నది పెట్టవచ్చా? పేజీ లింకు పంపుతున్నాను, చూసి చెప్పగలరు.
– ఒక పాఠకుడు, మధురవాడ (ఉత్తరాన్ని కుదించాం)

సమాధానం: పన్నెండు వేలు కట్టకండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు కానీ ఈ మాట ముందే చెప్పాలి. అలాంటివాళ్లు రెండోసారి ఫోన్ చేసినప్పుడు ‘ఈ రోజే ఆఖరు’ అంటారు, మనిషి కంగారులో కట్టేస్తాడు. గూగుల్‌లో వ్యాపారం నమోదు చేసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. మ్యాప్స్ వరుసలో పైకి తెస్తామని తాము డబ్బు తీసుకోమని ఆ సంస్థే తన సహాయ పేజీల్లో రాసి పెట్టింది. డబ్బు కట్టి చూపించుకునేది ప్రకటన. దాని దగ్గర ‘స్పాన్సర్డ్’ అని ఉంటుంది, కట్టడం ఆపిన రోజున అదీ ఆగుతుంది. అది వేరే వ్యవహారం, మీకిప్పుడు అవసరం లేదు.

నాకు తెలిసిన ఒక మోటారు వైండింగ్ మేస్త్రి ఇలాగే ఎవరికో కట్టాడు. పోయిన డబ్బు కంటే పెద్ద నష్టం మరొకటి జరిగింది. ‘సరిచూసుకోవాలి’ అని అడిగితే తన ఫోనుకు వచ్చిన కోడ్ చదివి వినిపించాడు. పేజీ మీద పెత్తనం అటు వెళ్లిపోయింది. మరుసటి ఏడాది మళ్లీ కట్టనన్నాడు. ఆ పేజీలో ఫోన్ నంబరు మారిపోయింది. ఆయన పనితనం మెచ్చుకుంటూ జనం రాసిన రివ్యూలు చదివి ఫోన్ చేస్తే ఇంకెవరో ఎత్తడం మొదలైంది. పేజీని తిరిగి దక్కించుకునేసరికి నెలలు పట్టింది. కోడ్ అడిగినవాడు ఎవరైనా సరే, ఎంత మర్యాదగా మాట్లాడినా సరే, ఫోన్ పెట్టేయండి.

ఇక మీ పేజీ. లింకు తెరిచి చూశాను. పైపు ధర అడిగే ఫోన్లు ఎందుకు వస్తున్నాయో మొదటి నిమిషంలోనే అర్థమైంది. మీ అమ్మాయి వ్యాపారం రకం దగ్గర ‘ప్లంబర్’ అని కాకుండా ప్లంబింగ్ సామగ్రి అమ్మే దుకాణం అని ఎంచుకుంది. జాబితాలో ఆ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, పొరపాటు సహజం. కానీ గూగుల్ దృష్టిలో ఏడాదిగా మీరు పైపులు, ట్యాంకులు అమ్ముకుంటున్నారు. కుళాయి కారుతోందని వెతికేవారికి మిమ్మల్ని చూపించాల్సిన అవసరం దానికి కనిపించలేదు. పేజీ మొత్తంలో అన్నిటికన్నా బరువైన గడి ఇదే. ఈ రాత్రే మార్చండి. ప్రధాన రకం ‘ప్లంబర్’ ఒక్కటే ఉండాలి. దాని కింద మరో తొమ్మిది వరకు చేర్చుకోవచ్చు కానీ తొమ్మిదీ నింపాలని లేదు. మురుగు పైపుల పూడిక కూడా తీస్తారు కాబట్టి డ్రైనేజీ సర్వీసు పెట్టండి. చేయని పని పెట్టకండి. బోరు మోటారు దించడం మీకు రాదని మీరే రాశారు. మరి ఆ రకం ఎందుకు చేర్చినట్టు?

రెండోది పేరు. మీ అసలు పేరు చక్కగా రెండు మాటల్లో ఉంది. దాని వెనక ‘బెస్ట్ ప్లంబర్ విశాఖపట్నం 24 గంటలు మధురవాడ ఎంవీపీ గాజువాక’ అని రైలు పెట్టెల్లా తగిలించారు. మీ బండి మీద రాయించిన పేరు ఏదో, బిల్లు పుస్తకం మీద ఉన్నది ఏదో, అదే అక్కడ ఉండాలని గూగుల్ నియమం. ఊళ్ల పేర్లు, గొప్పలు చేరిస్తే పేజీని నిలిపివేయవచ్చు. ‘మరి మా పక్కవాడు అలాగే పెట్టి పైనే ఉన్నాడు కదా’ అంటారు. ఉన్నాడు. ఆ మాటలు పేరులో ఉంటే కొంతకాలం పనిచేస్తాయి కూడా, నేను కాదనను. కానీ అతని పేజీ పోయిన రోజున పోయేది పేరు ఒక్కటే కాదు, సంపాదించుకున్న రివ్యూలు కూడా కనబడకుండా పోతాయి. తిరిగి తెచ్చుకోవడానికి అప్పీలు పెట్టి, కాగితాలు చూపి, ఎదురుచూడాలి. మీకు అతని మీద మరీ కోపంగా ఉంటే మ్యాప్స్‌లో అతని పేజీ దగ్గర ‘సవరణ సూచించండి’ అనే మీట ఉంటుంది, అసలు పేరు అక్కడ రాయవచ్చు. నన్నడిగితే ఆ సమయంలో ఒక రివ్యూకు జవాబు రాసుకోవడం మేలు.

ఇప్పుడు గాజువాక. ఈ వరుస క్రమాన్ని మూడు సంగతులు నిర్ణయిస్తాయని గూగుల్ చెబుతుంది. వెతికిన మాటకూ మీ పనికీ ఉన్న సంబంధం ఒకటి, వెతికిన మనిషికీ మీకూ మధ్య ఉన్న దూరం రెండోది, మీకు ఉన్న పేరుప్రతిష్ఠలు మూడోది. మొదటిది రకం సరిచేస్తే చాలావరకు కుదురుతుంది. మూడోది రివ్యూలతో మెల్లగా పెరుగుతుంది. రెండోదాన్ని మీరు మార్చలేరు. విశాఖ గుండ్రంగా ఉన్న ఊరు కాదు. ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం, మధ్యలో పొడుగ్గా సాగింది. మీరు ఉత్తరం కొసన ఉన్నారు, గాజువాక దక్షిణం వైపు. అక్కడ ఒక గృహిణి వంటగది సింకు పొంగి ఫోను తీసిందంటే, ఆమెకూ మీకూ మధ్య ఎంతమంది ప్లంబర్లు ఉంటారో ఆలోచించండి. వాళ్లందరినీ దాటించి మిమ్మల్ని చూపించడం ఎవరి తరమూ కాదు, పన్నెండు వేలు తీసుకున్నవాడి తరం అసలే కాదు.

ఒకవేళ చూపించిందే అనుకోండి. ఫ్లష్ ట్యాంకులో వాషర్ మార్చడానికి మధురవాడ నుంచి గాజువాక వెళ్తారా? పెట్రోలు, దారిలో ఎన్ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్, పోయి వచ్చేసరికి సగం పూట. ఆ సగం పూటలో పీఎం పాలెంలో మూడు ఇళ్లు చూడవచ్చు. కాబట్టి మీరు గెలవాల్సింది ఇంటి చుట్టూ ఉన్న మూడు నాలుగు కిలోమీటర్లు. కొమ్మాది, పీఎం పాలెం, కార్ షెడ్ కూడలి, ఎండాడ, రుషికొండ వైపు. కొత్త అపార్టుమెంట్లన్నీ అక్కడే లేస్తున్నాయి. అయిదేళ్లు నిండిన అపార్టుమెంటులో బాత్‌రూమ్ లీకేజీ తప్పదు, ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. రుషికొండ వైపు ఉప్పుగాలికి కుళాయిల మీద పూత ఎంత తొందరగా పోతుందో కూడా తెలుసు. మీ పేజీ ఆ జనం కోసం రాయండి.

దీనితో ముడిపడినదే చిరునామా. మీకు దుకాణం లేదు, ఎవరూ ఇంటికి వచ్చి పని చేయించుకోరు. అలాంటివారు చిరునామా బయటికి కనిపించకుండా పెట్టి, తాము వెళ్లే ప్రాంతాలను మాత్రం చూపాలి. ఇంటి చిరునామా బాహాటంగా ఉండటం ఇంట్లో ఆడపిల్ల ఉన్నప్పుడు నాకు నచ్చదు, అది వేరే సంగతి. వెళ్లే ప్రాంతాలు 20 వరకు చేర్చుకోవచ్చు. బండి మీద సుమారు రెండు గంటల ప్రయాణం దాటకూడదన్నది వాళ్ల హద్దు. మీకు ఆరేడు చాలు. ఇందులో గాజువాక రాస్తే గాజువాకలో పైకి వస్తామని కొందరు చెబుతారు. రాదు. ఆ గడి వచ్చే మనిషికి ‘వీళ్లు మా వైపు వస్తారా’ అన్న అనుమానం తీర్చడానికే. సిటీ మధ్యలో ఉన్న బావమరిది ఇంటి చిరునామా పెట్టాలన్న ఆలోచన వస్తే అది కూడా మానుకోండి. ఎప్పుడో ఒకప్పుడు ‘మీ స్థలం, పనిముట్లు వీడియో తీసి పంపండి’ అంటారు. అక్కడ బావమరిది సోఫా తప్ప చూపడానికి ఏమీ ఉండదు.

ఇప్పుడు ఆ ఒక్క స్టారు. నిజం చెప్పాలంటే మీ పేజీలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది అదే. మీరు 24 గంటలూ తెరిచి ఉంటామని పెట్టారు. రాత్రి పదకొండున్నరకు ఎవరింట్లోనో గోడలోని పైపు పగిలింది. గేటు వాల్వు కట్టేద్దామంటే బిగుసుకుపోయింది. వెతికితే మీ పేరు పక్కన పచ్చ అక్షరాల్లో ‘తెరిచి ఉంది’ అని కనిపించింది. మూడుసార్లు ఫోన్ చేశారు. మీరు నిద్రలో ఉన్నారు. తప్పు మీ నిద్రది కాదు, ఆ పచ్చ అక్షరాలది. ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది అని పెట్టండి. నిజంగా రాత్రి వెళ్లగలిగితే, ఆ ఇద్దరు కుర్రాళ్లలో ఒకరు వంతులవారీగా ఫోను దగ్గర ఉంటానంటే, అప్పుడు మాత్రమే 24 గంటలు రాయండి, రాత్రి రేటు వేరు అని కూడా రాయండి. సంక్రాంతికి సొంతూరు వెళ్లే నాలుగు రోజులు ప్రత్యేక వేళల గడిలో ‘సెలవు’ అని పెట్టండి. మీ ఇంటి గుమ్మం ముందు తాళం చూసి వెనక్కి వెళ్లే మనిషికి కోపం రాదు, తలుపు తెరిచి ఉండి లోపల ఎవరూ పలకకపోతే వస్తుంది.

ఆ రివ్యూకు మీరు ఇంతవరకు జవాబు రాయలేదు. ఇలా రాయవచ్చు: ‘ఆ రాత్రి మీకు ఇబ్బంది కలిగినందుకు క్షమించండి. మా వేళలు పేజీలో తప్పుగా ఉన్నాయి, ఇప్పుడు సరిచేశాం. ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది వరకు ఈ నంబరుకు చేయండి. ఆ పైపు పని ఇంకా మిగిలి ఉంటే నేనే వచ్చి చూస్తాను.’ అంతే. ‘మీరు అసలు మా కస్టమరే కాదు’ అనీ, ‘పోటీవాళ్లు రాయించారు’ అనీ వాదనకు దిగకండి. ఆ జవాబు రాసేది ఆ మనిషి కోసం కాదు, రేపు చదివే యాభై మంది కోసం. రాశారా, రాయలేదా, రాసినప్పుడు మాట ఎలా ఉంది అన్నది వాళ్లు తప్పకుండా చూస్తారు. నేనైతే అయిదు స్టార్లవి వదిలేసి ముందు ఒక్క స్టారువే చదువుతాను.

పగటి ఫోన్ల సంగతి కూడా తేల్చుకోవాలి. సింకు కింద పడుకుని, ఒక చేత్తో రెంచి పట్టుకుని, మోచేయి దాకా తడిసి ఉన్నప్పుడు ఫోన్ ఎత్తడం ఎవరి వల్లా కాదు. కానీ నీళ్లు కారుతున్న ఇంటివాళ్లు రెండో నంబరుకు పోవడానికి అర నిమిషం పట్టదు. పేజీలో మీ నంబరుతో పాటు మరో రెండు నంబర్లు ఇవ్వవచ్చు. మీ ఇంటావిడ పగలు ఇంట్లోనే ఉంటారని రాశారు. ఆవిడకు ఇష్టమైతే ఒక నంబరు ఆవిడది పెట్టండి. ఎత్తినవారు నాలుగు సంగతులు అడిగితే చాలు: ఎక్కడ, ఏం జరిగింది, మెయిన్ వాల్వు కట్టేశారా, ఎప్పటికి రావాలి. ఆ మూడో ప్రశ్న అడిగే ప్లంబరు మీద అవతలివారికి అప్పటికప్పుడే నమ్మకం కుదురుతుంది.

పేజీ పెట్టిన ఏడాదిలో రివ్యూలు నాలుగే ఉన్నాయంటే మీ పని బాగాలేక కాదు, మీరు అడగలేదు. మన వాళ్లకు ఇది మొహమాటం. పని బాగుంటే వాళ్లే రాస్తారులే అనుకుంటాం. రాయరు. కుళాయి బాగుపడ్డాక మనిషి కుళాయిని మరచిపోతాడు, మనల్ని అసలే గుర్తుపెట్టుకోడు. అడగాల్సిన క్షణం ఒకటి ఉంది. వాల్వు తిప్పి, నీళ్లు వచ్చి, ‘హమ్మయ్య’ అని ఇంటావిడ ఊపిరి పీల్చుకుని, ఆయన ఫోను తీసి యూపీఐలో డబ్బు పంపుతున్న ఆ నిమిషం. ఫోను చేతిలోనే ఉంటుంది, మనసు బాగుంటుంది. మీ పేజీలోనే రివ్యూ అడిగే చోట ఒక లింకు, క్యూఆర్ కోడ్ దొరుకుతాయి. దాన్ని చిన్న కార్డు మీద అచ్చు వేయించి పనిముట్ల సంచిలో పెట్టుకోండి. ‘ఏం పని చేశానో ఒక్క వాక్యం రాయండి సార్, తెలుగులో అయినా ఫర్వాలేదు’ అనండి. ‘అయిదు స్టార్లు ఇవ్వండి’ అనకండి. ‘బాగుంది’ అన్న రివ్యూ కంటే ‘రెండో అంతస్తు బాత్‌రూమ్ నుంచి కింది ఫ్లాటు సీలింగ్‌కు తడి వస్తుంటే టైల్స్ అన్నీ పగలగొట్టకుండా నేల మీద నీళ్లు పోయే నహానీ ట్రాప్ దగ్గర మాత్రమే తీసి బాగుచేశారు’ అన్నది వంద రెట్లు పనిచేస్తుంది. అదే బాధతో వెతుకుతున్న మనిషికి అందులో తన ఇల్లే కనిపిస్తుంది.

రివ్యూ రాస్తే వంద రూపాయలు తగ్గిస్తాననడం నియమాలకు విరుద్ధం. మెచ్చుకునేవాళ్లనే ఏరి అడగడం కూడా విరుద్ధమే. చుట్టాలందరి చేతా ఒకే రోజు పదిహేను రాయించడం తెలివితక్కువ పని. అవి మాయమవుతాయి, వాటితో పాటు మంచివి కూడా పోవచ్చు. కొన్న రివ్యూల బెడద ఎంత ముదిరిందంటే 2022లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూలకే ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తయారుచేయాల్సి వచ్చింది. మీకు వారానికి ఒకటో రెండో నిజమైనవి వస్తే చాలు. ఏడాదిలో మధురవాడలో మిమ్మల్ని దాటేవారు ఎక్కువమంది ఉండరు.

ఇక్కడ ఒక పక్కమాట. మన పక్కనే ఒడిశాలో కేంద్రపడా అని ఒక జిల్లా ఉంది. దేశంలోని పెద్ద నగరాల్లో ఆ జిల్లా ప్లంబర్లు లేని చోటు తక్కువ. అక్కడి పట్టముండాయిలో ప్లంబింగ్ నేర్పే సంస్థ కూడా ఉంది. మీరు విశాఖలో వాళ్లతో కలిసి పని చేసే ఉంటారు. వాళ్లను ఊరి నుంచి ఊరికి తీసుకెళ్లింది మ్యాప్ కాదు, ఒకరి మాట మీద ఇంకొకరు పిలవడం. రివ్యూ అంటే ఆ నోటి మాటే, కాకపోతే రాసి ఉంటుంది, ముక్కూ మొహం తెలియనివారు కూడా చదువుతారు. అందుకే పాత దారిని వదలకండి. అపార్టుమెంటు వాచ్‌మన్ దగ్గర ఉన్న నంబర్ల కాగితం ఈనాటికీ గూగుల్‌కు గట్టి పోటీ. ఆ ఫ్లాట్లవారి వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ‘మంచి ప్లంబరు ఉంటే చెప్పండి’ అని అడిగినప్పుడు, మీ పాత కస్టమరు ఉత్త నంబరు కాకుండా మీ పేజీ లింకు పెట్టేలా ఆ లింకు ముందే వాళ్ల ఫోనులో ఉండాలి. పని అయ్యాక బిల్లుతో పాటు పంపేయండి.

చేసే పనుల జాబితా మీ పేజీలో ఖాళీగా ఉంది. అక్కడ ‘అన్ని రకాల ప్లంబింగ్ పనులు’ అని రాయడం రాయకపోవడంతో సమానం. ఎవరూ అన్ని రకాల బాధలతో ఫోన్ చేయరు, ఒక్క బాధతో చేస్తారు. ఆ బాధను వాళ్ల మాటల్లోనే రాయండి. ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగిపోవడం, బాల్ వాల్వు మార్చడం. ఫ్లష్ ట్యాంకు ఆగకుండా కారడం. పై ఫ్లాటు నుంచి తడి దిగడం. కిచెన్ సింకు పూడిక. గీజరు బిగించడం. పాత జీఐ (ఇనుప) లైను తీసి సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు వేయడం. ఉప్పునీటికి గారపట్టిన షవర్ శుభ్రం చేయడం. ఇక్కడివాళ్లు కుళాయి అంటారు, హైదరాబాదు నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లు నల్లా అంటారు, కాలేజీ పిల్లలు ట్యాప్ అంటారు. మూడూ ఎక్కడో ఒకచోట కనిపించేలా రాయండి. ఐటీ ఉద్యోగాల కోసం వచ్చిన వేరే రాష్ట్రాలవారు కూడా అక్కడ అద్దెకుంటారు కాబట్టి పనుల పేర్లు ఇంగ్లీషులో కూడా పెట్టమని మీ అమ్మాయికి చెప్పండి.

ధర రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం అనలేను, రాయమనే అంటాను. మొత్తం పనికి ముందే చెప్పలేరు, నిజమే. కానీ వచ్చి చూడటానికి ఎంత తీసుకుంటారు, పని చేయిస్తే అది బిల్లులో తగ్గుతుందా, సామాను మీరు తెస్తే బిల్లు చూపిస్తారా అన్నవి రాయవచ్చు. ప్లంబరును పిలవాలంటే జనానికి ఉన్న భయం పనితనం గురించి కాదు, చివర్లో ఎంత అంటాడో అన్నదాని గురించే.

వివరణ రాసే గడిలో 750 అక్షరాలు పడతాయి. చాలా ఉందనుకోకండి, తెలుగు లెక్క వేరు. మనం మూడక్షరాలుగా పలికే ‘ప్లంబింగ్’ కంప్యూటర్ లెక్కలో తొమ్మిది, ఎందుకంటే పొల్లు, గుడి, సున్న అన్నిటినీ అది విడివిడిగా లెక్కపెడుతుంది. మీరు రాసిన ‘నాణ్యతకు మారుపేరు’, ‘కస్టమర్ల సంతృప్తే మా ధ్యేయం’ తీసేయండి. ఆ చోటులో ఇది పెట్టండి: ‘మధురవాడలో 16 ఏళ్లుగా ప్లంబింగ్ పని చేస్తున్నాం. ముగ్గురం ఉన్నాం. కొమ్మాది, పీఎం పాలెం, ఎండాడ, రుషికొండ వైపు మేమే వస్తాం. అపార్టుమెంట్లలో గోడలోపలి లీకేజీలు, డ్రైనేజీ పూడికలు ఎక్కువగా చూస్తాం. పని మొదలుపెట్టే ముందే ఖర్చు చెబుతాం. మార్చిన పాత సామాను మీకు చూపించి ఇస్తాం.’ ఆ చివరి వాక్యం మీ ఉత్తరంలోదే. మార్చిన వాషర్లు కూడా ఇంటివాళ్ల చేతిలో పెడతానని రాశారు. ఇంత మంచి అలవాటును పేజీలో ఎందుకు దాచారో నాకు అర్థం కాలేదు.

ఫోటోల దగ్గర ఎక్కడినుంచో తెచ్చిన తెల్లవాళ్ల బొమ్మలు మూడు ఉన్నాయి. నీలం టోపీ, మెరిసే రెంచి, పళ్లన్నీ కనబడే నవ్వు. ముందు అవి తీసేయండి. మీ పనివే పెట్టండి, జతలుగా: పగిలిన ఎల్బో (పైపు వంపు), పక్కనే కొత్త ఎల్బో. గోడ తెరిచినప్పుడు లోపల తెల్లగా ఉప్పు పేరుకున్న జాయింటు, మూసి టైలు వేశాక ఆ గోడ. వెలుగు చాలకపోతే కుర్రాడిని టార్చి పట్టుకోమనండి. ఇంటివాళ్లను అడిగి తీయండి, మనుషుల మొహాలు, ఫ్లాటు నంబరు, పూజగది లాంటివి పడకుండా చూసుకోండి. మరుగుదొడ్డి పూడిక తీసిన ఫోటో మీకు గర్వకారణమే అయినా అది మాత్రం వద్దు, భోజనం చేస్తూ ఫోను చూసేవాళ్లున్నారు. వారానికి ఒకటి పెట్టినా చాలు.

మరొకటి అడగలేదు కానీ చెప్పాలి. ఆ పేజీ మీ అమ్మాయి ఈమెయిల్ మీద ఉంది. ఇంటర్ అయ్యాక పై చదువుకు వెళ్తుందని రాశారు. కాలేజీలో ఫోను పోయిందనుకోండి, మెయిల్ పాస్‌వర్డ్ మరచిందనుకోండి, మీ వ్యాపారం గుమ్మం తాళంచెవి పోయినట్టే. మీ పేరున ఒక మెయిల్ తెరిచి దాన్ని ఆ పేజీకి యజమానిగా చేర్చమనండి. చేర్చిన వెంటనే ప్రధాన యాజమాన్యం బదిలీ కాదు, ఏడు రోజులు ఆగాలి. ఆ తరువాత అమ్మాయి మేనేజరుగా ఉంటే చాలు, ఎక్కడున్నా మార్పులు చేయగలదు.

మార్పులన్నీ ఒకే సాయంత్రం చేయవద్దు. పేరు, రకం, చిరునామా ఒక్కసారే మారితే గూగుల్‌కు అనుమానం వచ్చి మళ్లీ ధ్రువీకరించమనవచ్చు. ముందు రకం, వేళలు. నాలుగైదు రోజులకు పేరు. ఆపైన చిరునామా. వీడియో అడిగితే కంగారుపడకండి. వీధి బోర్డు నుంచి మొదలుపెట్టి ఇల్లు, పేరు రాసిన బండి, పైపు కటింగ్ మిషను, సంచిలోని రెంచీలు, బిల్లు పుస్తకం వరకు ఆపకుండా ఒకే వీడియోగా తీయాలి, మధ్యలో కత్తిరించకూడదు. నిజంగా పని చేసుకునే మనిషికి ఇది అయిదు నిమిషాల పని. జస్ట్‌డయల్ లాంటి చోట్ల మీ పాత నంబరు ఇంకా ఉండిపోయి ఉంటే అక్కడ కూడా ఇదే పేరు, ఇదే నంబరు ఉండేలా సరిచేయించండి.

ఎలా సాగుతోందో తెలుసుకోవడానికి మీ ఇంట్లో కూర్చుని ‘ప్లంబర్’ అని వెతికి చూసుకోవద్దు. మీ ఇంటి దగ్గర మీరే పైన కనిపిస్తారు, అందులో వింత లేదు. కొమ్మాదిలో ఒకరిని, ఎండాడలో ఒకరిని వెతికి చూడమనండి. పేజీలో పనితీరు అనే చోట ఎన్ని ఫోన్లు వచ్చాయి, జనం ఏ మాటలు టైపు చేసి మిమ్మల్ని చేరారు అన్నది కనిపిస్తుంది. నెలకోసారి చూడండి, రోజూ చూస్తే మనశ్శాంతి పోతుంది. దానికంటే నమ్మకమైనది మీ బిల్లు పుస్తకం. ప్రతి బిల్లు మూల ‘మ్యాప్’, ‘వాచ్‌మన్’, ‘పాత కస్టమర్’ అని ఒక్క మాట రాసుకోండి. రెండు మూడు నెలల్లో ఫోన్లు పెరగకపోతే ఆ మాటల లెక్కతో నాకు మళ్లీ రాయండి. కొమ్మాది నిండిపోయి, ఇంకో ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకుని, ఎంవీపీ కాలనీలో ఒక గది అద్దెకు తీసుకునే రోజు వస్తే, అప్పుడు అక్కడికి వేరే పేజీ గురించి మాట్లాడుకుందాం.

ఇక ఫోటో. మీ అమ్మాయి చెప్పింది సరైనదే. స్టూడియోలో తీయించుకున్న తెల్లచొక్కా ఫోటో వద్దు. తలుపు తీసే మనిషికి గుమ్మంలో కనిపించేది పని బట్టల్లోని మీరే కదా. ఆ మొహం ముందే ఫోనులో చూసి ఉంటే, ఒంటరిగా ఉన్న పెద్దావిడ కూడా భయం లేకుండా గొళ్లెం తీస్తుంది. ఉదయం బండి తీసే వేళ, భుజాన సంచితో, మీ అమ్మాయినే తీయమనండి. చొక్కా మీద పైపులు అతికించే సాల్వెంట్ మరక ఉంటే ఉండనివ్వండి.